పెద్ద కంపెనీలకి సంతకం పెట్టని ఆనీ డిఫ్రాంకో: ఆ దారి మనకి పనికొస్తుందా?

కొత్తరాగం

అందరికీ నమస్కారం. నేను సొంతంగా పాటలు రాసి, ట్యూన్ కట్టి, ఇంట్లోనే రికార్డు చేసుకుంటాను. సినిమా పాటలు కావు. ఈమధ్య ఒక ఆడియో కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. పాటకి ఇంత అని ఒకేసారి ఇచ్చేస్తారట, ఆ తర్వాత పాట వాళ్లదే. ఇంట్లో అందరూ "ఇంకా ఆలోచనేంటి, పెట్టెయ్ సంతకం" అంటున్నారు. నాకేమో టెన్షన్.

ఈ విషయాలే వెతుకుతుంటే ఆనీ డిఫ్రాంకో పేరు కనపడింది. అమెరికన్ గాయని. పాటలు తనే రాస్తుంది, చాలా ఆల్బమ్‌లకి ప్రొడ్యూసర్ కూడా తనే. 1990లో మొదలుపెట్టిన సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) మీదే ఇప్పటికీ పాటలు విడుదల చేస్తోంది. పెద్ద కంపెనీలు పిలిచినా వెళ్లలేదట. ఆవిడ కెరీర్ గురించి బాగా తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్తారా? ఆ పద్ధతి మనలాంటి వాళ్లకి ఏమైనా పనికొస్తుందా?

బఫెలోబాబాయ్

తమ్ముడూ, చాలాకాలంగా ఆవిడ ఊరి పక్కనే ఉంటున్నాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టు.

బఫెలో ఉండేది న్యూయార్క్ రాష్ట్రంలోనే గానీ, న్యూయార్క్ నగరం నుంచి కార్లో ఆరేడు గంటలు పడుతుంది. నయాగరా చూడ్డానికి వచ్చే మనవాళ్లు ఇక్కడి ఎయిర్‌పోర్టులో దిగి అటునుంచి అటే వెళ్లిపోతారు. ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడి, జనం వేరే ఊళ్లకి పోతున్న రోజుల్లో ఆనీ ఇక్కడ పెరిగింది. పుట్టింది 1970లో. తొమ్మిదేళ్లప్పుడే మైకేల్ మెల్‌డ్రమ్ అనే స్థానిక జానపద గాయకుడు ఆమెని చేరదీసి, తన ప్రోగ్రాముల్లో పాడించాడు. పదిహేనేళ్లకల్లా చట్టప్రకారం తల్లిదండ్రుల సంరక్షణ నుంచి విడిపోయి ఒంటరిగా బతకడం మొదలుపెట్టింది. మన ఇళ్లలో ఆ వయసుకి పిల్లల్ని పక్క వీధికి పంపాలన్నా పది ప్రశ్నలు వేస్తాం.

తర్వాత న్యూయార్క్ వెళ్లి న్యూ స్కూల్ అనే యూనివర్సిటీలో చేరింది. అక్కడ సెకూ సుందియాటా అనే నల్లజాతి కవి దగ్గర కవిత్వం క్లాసులకి వెళ్లింది. ఆవిడ పాటల్లో మాట ముందు, రాగం తర్వాత అన్నట్టుంటుంది కదా, దానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం. విచిత్రమేమిటంటే 2000లో ఆ గురువు గారి ఆల్బమ్‌ని విడుదల చేసింది ఈ శిష్యురాలి లేబులే.

ఇక లేబుల్ సంగతి. దాని పేరు రైటియస్ బేబ్. ఏదో ప్లాన్ గీసుకుని పెట్టింది కాదు. పాడటం అయ్యాక జనం వచ్చి "క్యాసెట్ ఉందా?" అని అడుగుతుంటే, సరే అని ఒకటి రికార్డు చేసింది. 1990లో వచ్చిన ఆ మొదటి ఆల్బమ్‌లో గొంతు, గిటార్ తప్ప ఇంకేమీ లేవు. క్యాసెట్లు కార్లో వేసుకుని కాలేజీలు, కాఫీ క్లబ్బులు, జానపద సంగీతోత్సవాలు తిరిగింది. ఒక కాలేజీలో కొన్న క్యాసెట్‌ని పిల్లలు కాపీ చేసి ఇంకో ఊళ్లో ఉన్న స్నేహితులకి పంపేవాళ్లు. మరుసటేడు ఆ ఊరి నుంచి పిలుపు వచ్చేది. ఇంటర్నెట్ లేని కాలంలో ఆవిడ పేరు అమెరికా అంతా పాకింది ఇలాగే.

1990ల్లో దాదాపు ఏటా ఒక ఆల్బమ్, కొన్నేళ్లు ఒకటికన్నా ఎక్కువ. పోస్టులో తెప్పించుకోవాలంటే టోల్ ఫ్రీ నంబరు ఉండేది: 1-800-ఆన్-హర్-ఓన్. క్యాసెట్ల కవర్లు, టీషర్టులు వీలైనంత వరకు బఫెలోలోనే తయారుచేయించేవాళ్లు. ఆవిడ సొంత లేబుల్ అనగానే అందరూ స్వేచ్ఛ, తిరుగుబాటు అంటారు. మా ఊళ్లో వాళ్లకి అది ముందు నాలుగు ఉద్యోగాలు.

మిర్చిబజ్జి

బాబాయ్, అంతా బాగుంది గానీ హిట్ ఏది? నేను ఆవిడ పేరు ఇప్పుడే వింటున్నా. టేలర్ స్విఫ్ట్ అంటే మా పనమ్మాయికి కూడా తెలుసు. సొంత లేబుల్, సొంత దారి అంటూ చివరికి ఎవరికీ తెలియకుండా పోతే లాభమేంటి?

బఫెలోబాబాయ్

బజ్జీ, నీకు తెలియనిదంతా ఫ్లాప్ కాదు నాయనా.

1997లో వచ్చిన 'లివింగ్ ఇన్ క్లిప్' అనే రెండు డిస్కుల లైవ్ ఆల్బమ్ గోల్డ్ అయింది. అమెరికాలో గోల్డ్ అంటే 5 లక్షల కాపీల లెక్క. 1998లో 'లిటిల్ ప్లాస్టిక్ కాజిల్' అమెరికా ఆల్బమ్‌ల జాబితా అయిన బిల్‌బోర్డ్ 200లో 22వ స్థానంలోకి వచ్చింది. వెనక పెద్ద కంపెనీ లేదు, పాటని పొద్దస్తమానం మోగించే రేడియోలూ లేవు.

రేడియో అంటే గుర్తొచ్చింది. 1995లో ఆవిడ రాసి పాడిన '32 ఫ్లేవర్స్' అనే పాటని రెండేళ్ల తర్వాత అలానా డేవిస్ అనే అమ్మాయి పెద్ద లేబుల్ మీద పాడితే అది పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 37వ స్థానం దాకా వెళ్లింది. ఒరిజినల్ పాడినావిడ ఆ సమయానికి ఏదో కాలేజీ ఆడిటోరియంలో గిటార్ తీగలు బిగించుకుంటూ ఉండి ఉంటుంది.

కొత్తరాగం

బాబాయ్ గారూ, అలా వేరేవాళ్లు పాడితే ఆవిడకి డబ్బులు వస్తాయా?

పాతక్యాసెట్

వస్తాయి. ఇది నీకు ఇప్పుడు అవసరమైన విషయం, జాగ్రత్తగా చదువు.

ఒక పాటలో రెండు ఆస్తులు ఉంటాయి. ఒకటి రచన, అంటే సాహిత్యం, బాణీ. రెండోది రికార్డింగ్, దాన్ని మాస్టర్ అంటారు. అలానా డేవిస్ కొత్తగా రికార్డు చేసింది కాబట్టి ఆ మాస్టర్ ఆమె కంపెనీది. రచన మాత్రం ఆనీదే. అమ్ముడైన ప్రతి కాపీకీ, రేడియోలో మోగిన ప్రతిసారికీ రచయిత వాటా వెళ్తుంది. తన సొంత ఆల్బమ్‌ల విషయంలో ఆనీకి రెండు ఆస్తులూ తన ఇంట్లోనే ఉన్నాయి. అసలు బలం అది.

పెద్ద లేబుల్ పద్ధతి వేరు. ముందు అడ్వాన్స్ ఇస్తారు. చూడ్డానికి పెద్ద మొత్తమే. స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చులో కొంత, టూర్‌కి ఇచ్చిన సాయం, ఇవన్నీ గాయకుడి ఖాతాలో అప్పుగా రాస్తారు. ఆ అప్పు తీరేది మొత్తం అమ్మకాల్లోంచి కాదు, గాయకుడికి రావాల్సిన చిన్న వాటాలోంచి. కంపెనీ లాభంలో పడ్డాక కూడా గాయకుడు అప్పుల్లోనే ఉండటం అక్కడ మామూలే. అప్పు తీరినా మాస్టర్ కంపెనీ దగ్గరే ఉంటుంది. ఇల్లు మీద లోను మొత్తం కట్టేశాక కూడా ఇల్లు బ్యాంకుదే అన్నట్టు.

పాప్ స్టార్ ప్రిన్స్ అంతటివాడు 1990ల మధ్యలో చెంప మీద బానిస అని రాసుకుని తిరిగింది ఈ గొడవ మీదే. ఆయన ఆనీని బాగా మెచ్చుకునేవాడు. 1999లో ఆయన ఆల్బమ్‌లో ఈవిడ గిటార్ వాయించింది, ఈవిడ ఆల్బమ్‌లో ఆయన గొంతు కలిపాడు.

అయితే బాబాయ్ గారు చెప్పినదాంట్లో ఒక విషయం రాలేదు. సొంత లేబుల్ అనేది ఆవిడతో మొదలవలేదు. 1973లోనే కొంతమంది స్త్రీలు కలిసి ఒలీవియా రికార్డ్స్ పెట్టారు. వాషింగ్టన్‌లో పంక్ కుర్రాళ్లు 1980లో డిస్కార్డ్ అనే లేబుల్ పెట్టారు. జాన్ ప్రైన్ అనే గాయకుడు పెద్ద కంపెనీలని వదిలేసి 1981లో ఓ బాయ్ రికార్డ్స్ పెట్టుకున్నాడు. ఒలీవియా తరం ఆడవాళ్లు కట్టిన పంపిణీ వ్యవస్థ, స్త్రీల సంగీతోత్సవాలు, పుస్తకాల షాపులు అప్పటికే ఉన్నాయి కాబట్టి ఈవిడ క్యాసెట్లు దేశమంతా వెళ్లగలిగాయి. ఒంటరి పోరాటం అని రాసేవాళ్లు ఈ ముక్క వదిలేస్తారు.

సాహితి_వై

పాతక్యాసెట్ గారు చెప్పింది నిజం. అభిమానుల్లో ఎక్కువమంది కాలేజీ వయసు అమ్మాయిలే. గర్భస్రావం, లైంగికత, వీధిలో ఎదురయ్యే చూపులు, జీతం, ఇవన్నీ ఆవిడ పాటల్లో దాపరికం లేకుండా ఉంటాయి. ఆ అమ్మాయిలు ఆవిడని మా మనిషి అనుకున్నారు. అందుకే 1998లో ఆవిడ ఒక మగవాణ్ణి పెళ్లి చేసుకుంటే కొంతమంది ద్రోహం జరిగినట్టు బాధపడ్డారు. తను స్త్రీలనీ పురుషులనీ ఇద్దరినీ ప్రేమించగలనని ఆవిడ మొదటినుంచీ చెబుతూనే ఉన్నా సరే. పెద్ద కంపెనీకి కట్టుబడకపోయినా, అభిమానులు రాసిపెట్టుకున్న కాంట్రాక్టు ఒకటి ఉంటుంది!

డబ్బు గురించి నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి. 1997లో మిజ్ పత్రిక (గ్లోరియా స్టైనెమ్ వాళ్లు మొదలుపెట్టిన స్త్రీవాద పత్రిక) రాబోయే శతాబ్దానికి స్త్రీవాదులు అంటూ ఒక జాబితా వేసి అందులో ఆనీని చేర్చింది. చేర్చడానికి చూపిన గొప్ప ఏమిటో తెలుసా? ఒక్కో ఆల్బమ్ మీద హూటీ అండ్ ద బ్లోఫిష్ అనే సూపర్‌హిట్ బ్యాండు కన్నా ఈవిడకి ఎక్కువ మిగులుతుందని!

ఆవిడకి ఒళ్లు మండి పత్రికకి బహిరంగ లేఖ రాసింది. వ్యాపార పత్రికలు నన్ను లెక్కల్లో చూస్తే అర్థం చేసుకుంటాను, మీరు కూడా అదే కొలబద్ద పట్టుకుంటే ఎలా అనేది దాని సారం. తన పాటలు, ఆ పాటలు విన్న మనుషులు, బఫెలో లాంటి చితికిపోయిన ఊళ్లో ఆఫీసు పెట్టి నలుగురికి పని ఇవ్వడం, ఇవి కనపడలేదా అని అడిగింది. తన సమాధి మీద కంపెనీ అధిపతి అని రాస్తారేమోనని ఎగతాళి కూడా చేసింది.

ఇక్కడ మనం కూడా అదే చేస్తున్నామని నా అనుమానం. మాస్టర్లు, వాటాలు, బిల్‌బోర్డ్. ఇన్ని పోస్టుల్లో ఆవిడ పాట ఎలా ఉంటుందో ఒక్కరూ రాయలేదు.

సౌండుసుబ్బు

మేడమ్ పిలిచినట్టే ఉంది, వచ్చేశా. హైదరాబాద్‌లో స్టూడియోలో పనిచేస్తాను, కాబట్టి నాది చెవి కోణం.

ఆనీ గిటార్ ముందు వినండి. అకూస్టిక్ గిటారే, కానీ దాన్ని మృదంగంలా వాయిస్తుంది. తీగ మీద కొట్టు, లాగు, మూయు. కుడిచేతి వేళ్లకి పెట్టుడు గోళ్లు అంటించి, ఊడిపోకుండా కరెంటు పనివాళ్ల నల్ల టేపు చుట్టుకునేది. శృతి కూడా మామూలు శృతి కాదు, పాటకో రకం. అందుకే యూట్యూబ్ చూసి వాయిద్దామని కూర్చుంటే మనకి ఆ సౌండ్ రాదు. వెనక డ్రమ్ములు లేకపోయినా పాట నడుస్తుంది. చాలాకాలం ఆండీ స్టొచాన్‌స్కీ అనే డ్రమ్మర్ ఒక్కడే ఆమెతో తిరిగాడు. ఇద్దరు మనుషులు, హాలు నిండా శబ్దం.

ఇక ప్రొడ్యూసర్‌గా. ఇక్కడ అభిమానులు నన్ను కొడతారేమో, అయినా చెప్తాను. మొదటి ఆల్బమ్‌లు సౌండ్‌పరంగా బక్కగా ఉంటాయి. గిటార్లో ఉన్న ఆ దెబ్బ రికార్డింగులో రాలేదు. టూర్ల మధ్య దొరికిన సందుల్లో హడావుడిగా చేసినట్టు తెలిసిపోతుంది. 1996లో వచ్చిన 'డైలేట్' నుంచి చెయ్యి తిరిగింది. అందులో చాలా వాద్యాలు తనే వాయించుకుంది. ప్రేమలో చితికిన మనిషి కోపం అలా గరుకుగా ఉంటేనే బాగుంటుంది కాబట్టి అక్కడ ఆ మోటు మిక్సింగ్ కుదిరింది. 2004లో 'ఎడ్యుకేటెడ్ గెస్' అయితే మొత్తం ఏకపాత్రాభినయం. పాడటం, వాయించడం, పాత టేపు మెషీన్ మీద రికార్డు చేయడం, మిక్స్ చేయడం అన్నీ ఒక్కతే. గౌరవిస్తాను. మళ్లీ మళ్లీ వింటానా అంటే, లేదు.

మరుసటేడు 'నకిల్ డౌన్' కి బయటి మనిషిని, జో హెన్రీని, సహ నిర్మాతగా పిలిచింది. తేడా వెంటనే తెలుస్తుంది. పాటల మధ్య గాలి ఆడుతుంది. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని "ఇది వద్దులే" అని చెప్పాలి. సొంతంగా చేసుకునేవాళ్లకి దొరకనిది ఆ ఒక్క మనిషే. కొత్తరాగం తమ్ముడూ, నీకు కూడా చెప్తున్నా.

బఫెలోబాబాయ్

సుబ్బూ, 'ఎడ్యుకేటెడ్ గెస్' విషయంలో నీతో ఒప్పుకోను. రాత్రిపూట హెడ్‌ఫోన్లు పెట్టుకుని విను, పక్క గదిలో పాడుతున్నట్టుంటుంది. అన్నీ సిల్క్ చీరలా జారిపోవాలా?

సౌండుసుబ్బు

బాబాయ్, పక్క గదిలో పాడుతున్నట్టు ఉండటం వేరు, పక్క గదిలో మైకు పెట్టి మర్చిపోయినట్టు ఉండటం వేరు 😄

కానీ ప్రొడ్యూసర్‌గా ఆవిడ చేసిన ఒక్క పనికి మాత్రం నా నమస్కారం. యూటా ఫిలిప్స్ అని ఒక ముసలాయన ఉండేవాడు. కొరియా యుద్ధంలో పనిచేసి వచ్చి, గూడ్సు రైళ్లెక్కి దేశమంతా తిరిగి, కార్మిక సంఘాల పాటలు పాడుతూ మధ్యమధ్య కథలు చెప్పేవాడు. ఆయన కచేరీల టేపులు తెప్పించుకుని ఆనీ ఏం చేసిందంటే, పాటలు పక్కనపెట్టి కథలు మాత్రం తీసుకుంది. వాటి కింద డ్రమ్ బీట్లు, గిటార్ ముక్కలు పరిచింది. 1996లో 'ద పాస్ట్ డిడ్‌న్ట్ గో ఎనీవేర్' అని వచ్చింది. ముసలాయన గొంతుకి హిప్ హాప్ నడక. పేపర్ మీద చదివితే పిచ్చి ఆలోచన అనిపిస్తుంది. వింటే, ఆయన ఎక్కడ ఊపిరి తీస్తాడో అక్కడ బీటు ఆగుతుంది. ఆ ఒక్కటి నేర్చుకోడానికి మా స్టూడియో కుర్రాళ్లకి వినిపిస్తుంటాను. 1999లో ఇద్దరూ కలిసి 'ఫెలో వర్కర్స్' చేశారు, అది గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది.

పాతక్యాసెట్

యూటా ఫిలిప్స్ పేరు ఈ ఫోరమ్‌లో చూస్తాననుకోలేదు. మన దగ్గర గద్దర్, వంగపండు గొంతులు క్యాసెట్లలో ఊరూరా తిరిగిన రోజులు చూసినవాణ్ణి. మధ్యలో ఆగి మాట చెప్పడం, ఆ మాటలోంచే మళ్లీ పాట ఎత్తుకోవడం మనకి కొత్త కాదు. ఆ టేపులు తీసి ఇలా శ్రద్ధగా పని చేసే ప్రొడ్యూసర్ మాత్రం మనకి ఇంకా రాలేదు. ఎవరైనా ఉంటే చెప్పండి, నా దగ్గర పాత క్యాసెట్లు ఉన్నాయి.

మిర్చిబజ్జి

ఒప్పుకున్నా, పెద్దావిడే. ఇప్పుడు అసలు మసాలా: ఎక్కడో బానిసల ఎస్టేటులో పాటల శిబిరం పెట్టబోయి ఇరుక్కుందంట కదా? దాని గురించి అభిమానులు మాట్లాడరేం?

సాహితి_వై

మాట్లాడతాం, దాచేదేముంది.

2013 చివర్లో, మరుసటేడు జూన్‌కని ఒక పాటల రచన శిబిరం ప్రకటించారు. చోటు లూసియానాలోని నాట్టవే ప్లాంటేషన్. ఒకప్పుడు నల్లజాతి బానిసలతో చెరకు పండించిన ఎస్టేటు, అప్పటికి రిసార్టు. అలాంటిచోట డబ్బు కట్టి విశ్రాంతిగా పాటలు రాసుకుందాం రండి అంటే, అదీ జీవితమంతా న్యాయం గురించి పాడిన మనిషి పిలిస్తే, నల్లజాతి స్త్రీలు ముందు అడిగారు. అడగాల్సిందే. శిబిరం రద్దు చేసింది. అప్పుడు రాసిన మొదటి ప్రకటనలో క్షమాపణ కన్నా సంజాయిషీ ఎక్కువ ఉంది, దాంతో ఇంకా రగిలింది. కొన్ని రోజుల తర్వాత నేరుగా క్షమాపణ చెప్పింది. చోటు తను ఎంచలేదు, నిర్వాహకులు ఎంచారు అనే వాదన ఉంది. నాకు అది సరిపోలేదు. అన్నీ నా చేతిలోనే ఉంటాయని చెప్పుకునే మనిషికి ఆ సాకు వర్తించదు. ఆ భవనం 2025 మే నెలలో తగలబడిపోయింది, ఆ మంటల వీడియోలు చూసే ఉంటారు.

ఇది చెప్పినంత మాత్రాన ఆవిడ పాటలు వినడం మానేయలేదు నేను. గుడ్డిగా మాత్రం వినను.

బఫెలోబాబాయ్

సాహితి గారూ, బాగా చెప్పారు.

ఇక నాకు ఇష్టమైన భాగం. మా ఊళ్లో డెలావేర్ అవెన్యూ మీద పంతొమ్మిదో శతాబ్దపు రాతి చర్చి ఒకటి శిథిలమై కూల్చేసే పరిస్థితికి వచ్చింది. ఆనీ, ఆమె మేనేజర్ కలిసి దాన్ని కొని బాగుచేయించారు. ఇప్పుడు దాని పేరు బేబ్‌విల్. పైన పెద్ద హాలు, కింద చిన్న హాలు, లేబుల్ ఆఫీసు, హాల్‌వాల్స్ అనే కళాకేంద్రం అన్నీ అందులోనే. చలికాలం మంచులో ఆ మెట్ల మీద క్యూ కట్టి నిలబడితే ముక్కు చివర మొద్దుబారుతుంది గానీ, లోపల కిటికీల రంగుటద్దాలూ ఆ ప్రతిధ్వనీ చూశాక చలి గుర్తుండదు. గాయకులు సంపాదించి బంగళాలు కట్టుకుంటారు. ఈవిడ ఊరికి ఒక హాలు మిగిల్చింది.

ఇంకోటి. రైటియస్ బేబ్ ఆవిడ పాటలకే పరిమితం కాలేదు. ఆండ్రూ బర్డ్ పెద్దగా ఎవరికీ తెలియని రోజుల్లో, 2003లో, ఆయన ఆల్బమ్ వేసింది. 2010లో అనయిస్ మిచెల్ అనే అమ్మాయి గ్రీకు పురాణం ఆధారంగా రాసిన 'హేడ్స్‌టౌన్' అనే పాటల కథని విడుదల చేసింది. అందులో పాతాళ రాణి పెర్సెఫొనీ పాత్రకి గొంతు ఆనీదే, ఓర్ఫియస్‌గా పాడింది బాన్ ఐవర్ బ్యాండు జస్టిన్ వెర్నన్. ప్రొడ్యూసర్ టాడ్ సికఫూస్, ఆనీ బ్యాండులో బేస్ గిటార్ వాయించిన మనిషి. ఆ ఆల్బమ్ పెరిగి పెరిగి నాటకమై 2019లో న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల చోటు బ్రాడ్‌వేకి వెళ్లింది. ఉత్తమ మ్యూజికల్‌తో కలిపి 8 టోనీ అవార్డులు (అక్కడి నాటక రంగానికి ఇచ్చేవి). వాద్య సమ్మేళనానికి వచ్చిన టోనీలో సికఫూస్‌కీ వాటా ఉంది. 2024లో ఆనీ స్వయంగా బ్రాడ్‌వే స్టేజీ ఎక్కి అదే పెర్సెఫొనీ పాత్ర వేసింది. యాభై మూడేళ్ల వయసులో, వారానికి ఎనిమిది ఆటలు!

పెద్ద కంపెనీ అయితే 2010లో ఆ ఆల్బమ్‌ని తీసుకునేదా? జానపద బాణీలో గ్రీకు పురాణం అంటే, మార్కెటింగ్ వాళ్లు నవ్వి కాఫీ ఇచ్చి పంపేవాళ్లు.

కొత్తరాగం

అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది: ఇప్పుడు, ఇక్కడ ఇది కుదురుతుందా? క్యాసెట్టు లేదు, సీడీ లేదు. స్ట్రీమింగ్‌లో వచ్చేది పైసల్లో. సిద్ శ్రీరామ్ కాలిఫోర్నియాలో పెరిగి సొంత ఇంగ్లిష్ పాటలు కూడా చేస్తున్నాడు, కానీ మనందరికీ తెలిసింది తెలుగు, తమిళ సినిమా పాటలతోనే కదా.

పాతక్యాసెట్

సూటిగా చెప్తాను. ఆవిడని బతికించింది క్యాసెట్ కాదు, రోడ్డు. ఏడాదిలో ఎక్కువ రోజులు కచేరీలు. అమెరికా కాలేజీల్లో విద్యార్థుల ఫీజులోంచే కార్యక్రమాలకి కొంత నిధి ఉంటుంది. దాన్ని ఖర్చు పెట్టే కమిటీ కూడా విద్యార్థులదే. ఒక పంతొమ్మిదేళ్ల అమ్మాయి "ఈవిణ్ణి పిలుద్దాం" అంటే చెక్కు వస్తుంది. మన కాలేజీ ఫెస్టులకి సినిమా సింగర్ని పిలుస్తారు, సినిమా పాటలు పాడమంటారు. సొంత పాట ఎత్తుకుంటే మూడో నిమిషంలో వెనకనుంచి కేకలు. అమెరికాలో లాంటి ఆ ఏర్పాటు మన దగ్గర లేదు. హైదరాబాద్‌లో కొన్ని కేఫులు, చిన్న హాళ్లు ఉన్నాయి, విజయవాడ, విశాఖలో ఇంకా తక్కువ.

ఆ రోడ్డుకీ ఒక ధర ఉంది. 2005లో చేతుల్లో స్నాయువుల వాపు (టెండినైటిస్) వచ్చి ఆనీ నెలల తరబడి టూర్లు మానుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది కట్రీనా తుఫాను. 'రిప్రీవ్' ఆల్బమ్ న్యూ ఓర్లీన్స్‌లో మొదలుపెట్టి, తుఫానుతో చెదిరిపోయి బఫెలోలో పూర్తిచేశారు. తన మీదే ఆధారపడిన లేబుల్‌కి ఆ ఒక్క మనిషి చేతులు నొప్పి పెడితే అందరి జీతాలకీ నొప్పే. 2024లో ఆవిడ మీద వచ్చిన డాక్యుమెంటరీ, బాబాయ్ చెప్పిన ఆ టోల్ ఫ్రీ నంబరు పేరుతోనే వచ్చింది, వీలైతే చూడు.

సౌండుసుబ్బు

అదే 2024లో వచ్చిన కొత్త ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్‌గా బీజే బర్టన్‌ని పెట్టుకుంది. బాన్ ఐవర్, 'లో' (Low) అనే బ్యాండులతో పనిచేసినవాడు. గొంతుని, గిటార్ని కంప్యూటర్లో విరిచి పోగుచేశాడు. ముప్పై ఏళ్లుగా పట్టు వదలని చేతులు పాటని వేరేవాడి చేతిలో పెట్టాయి చూశారా. నాకు తెగ నచ్చింది. బాబాయ్‌కి నచ్చదని నాకు తెలుసు.

బఫెలోబాబాయ్

నచ్చలేదు. తర్వాత.

సాహితి_వై

కొత్తరాగం గారూ, మీ కంపెనీ ఫోన్ సంగతికి వద్దాం. ఆనీలా సొంత లేబుల్ పెట్టడానికీ, ఒక్క మొత్తానికి అంతా రాసిచ్చేయడానికీ మధ్యలో చాలా మెట్లున్నాయి. రికార్డింగ్ హక్కు కొన్నేళ్లకి మాత్రమే ఇవ్వొచ్చు. ఇప్పుడు చేసిన పాటలకే పరిమితం చేయొచ్చు. రచన మీ పేరునే ఉంచుకోవచ్చు. మన దేశంలో 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించాక, రచయిత, సంగీతకర్త హక్కులు రాసిచ్చినా రాయల్టీలో వాటాని వదులుకున్నట్టు రాయించుకోవడం చెల్లదు. ఒకేసారి డబ్బు తీసుకుంటే ఇంకేమీ రాదు అని ఫోన్లో చెప్పారంటే, ఆ మాటని కాగితం మీద ఎలా రాశారో చూడాలి.

పాతక్యాసెట్

అవును. "ఇప్పటివి, ఇకముందు రాబోయేవి, ప్రపంచమంతటా, శాశ్వతంగా" అనే వాక్యం ఎక్కడుందో ముందు వెతుకు. చాలా కాంట్రాక్టుల్లో అది మామూలు మాటల మధ్య దాక్కుని ఉంటుంది. తర్వాత, నువ్వు రాసే పేరు, పాడే పేరు కూడా వాళ్లకి చెందుతాయా అన్నది. సినిమాల కేసులు చూసే లాయరు కాకపోయినా పర్లేదు, కాపీరైటు తెలిసిన లాయరుకి ఒక్కసారి ఫీజిచ్చి చూపించు. పాటలు ఐపీఆర్‌ఎస్‌లో (రచయితలకి, సంగీతకర్తలకి రాయల్టీలు వసూలు చేసిపెట్టే సంఘం) నమోదు చేసుకున్నావా?

కొత్తరాగం

లేదండీ. అది పెద్ద సంగీత దర్శకులకే అనుకున్నా. కాగితం రేపు మెయిల్ చేస్తామన్నారు. ఇక్కడ పెట్టొచ్చా?

పాతక్యాసెట్

కంపెనీ పేరు, నీ పేరు, ఫోన్ నంబర్లు, డబ్బు అంకెలు కొట్టేసి పెట్టు. సంతకానికి గడువు పెట్టి తొందరపెడితే, లాయరుకి చూపించి చెప్తానని ఒక్క ముక్క మెయిల్లోనే రాయి, ఫోన్లో కాదు.

మిర్చిబజ్జి

ఈలోగా నీ పాట లింకు పెట్టు బ్రో. ఇంత చదివాం, పాటెలా ఉందో చూడొద్దా? బాగోలేకపోతే మొహమ్మీదే చెప్తా.

సౌండుసుబ్బు

పెట్టు తమ్ముడూ. మిక్స్ చేయని ట్రాకులు కూడా పంపు, ఆదివారం స్టూడియో ఖాళీగా ఉంటుంది. ఆనీ వినాలనుకునేవాళ్లు 'లివింగ్ ఇన్ క్లిప్'తో మొదలుపెట్టండి, ఆ తర్వాత యూటా ఫిలిప్స్ మొదటిది. 'ఎడ్యుకేటెడ్ గెస్' గురించి బాబాయ్ మాట వినకండి.